నూట ఇరవై తొమ్మిదో పేజీ నుంచి

ఆ బైండింగ్ షాపులో ఆయనది తొమ్మిదో బల్ల. ఇరవై ఏడేళ్లుగా అదే బల్ల. ప్రెస్సు నుంచి వచ్చిన పెద్ద కాగితాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీల ఫారం అవుతుంది. మొదటి ఫారం మొదటి బల్లకి, రెండోది రెండో బల్లకి. ఆ లెక్కన ఏ పుస్తకం వచ్చినా ఆయన చేతికందేది నూట ఇరవై తొమ్మిదో పేజీ నుంచి నూట నలభై నాలుగు దాకానే. అందుకే షాపులో అందరికీ ఆయన తొమ్మిదో ఫారం బాబాయ్.

బాబాయ్ చదువు ఏడో తరగతితో ఆగింది గానీ చదివే పిచ్చి ఆగలేదు. చేతులు మడుస్తుంటే కళ్లు చదివేస్తాయి. రాజకీయం, సంస్కృతి, సైన్సు, నవలలు, అన్నిట్లోనూ ఆ పదహారు పేజీలు కంఠతా. ఆ జ్ఞానమంతా రోజూ మధ్యాహ్నం క్యారేజీ విప్పేలోపు 'పుస్తకాల పురుగు' అనే మారుపేరుతో ఫోన్లో పెట్టేస్తాడు. పద్నాలుగు వందల మంది చదువుతారు. నాయకుల జీవిత చరిత్రల్లో ఆ పేజీలకొచ్చేసరికి అందరూ జైల్లో ఉంటారు కాబట్టి, "మిత్రులారా, నాయకుడన్నవాడు జైల్లో ఉండాల్సిందే" అని రాశాడొకసారి. ఆరు వందల లైకులు.

సోమవారం నాటి పోస్టు మాత్రం ఇంకా వేడిగా పేలింది. పేజీ తలమీదున్న పుస్తకం పేరు రాసి, కింద కడిగి పారేశాడు: "ఈవిడెవరో రిటైరైన టీచరట, ఈ పేజీల్లో తనే రాసుకుంది! భూమి కదలదట, సూర్యుడే దాని చుట్టూ తిరుగుతాడట! ఇలాంటివాళ్లా మన పిల్లలకి సైన్సు చెప్పేది?"

గురువారం ఆ టీచరమ్మే షాపులోకి వచ్చింది. ఆ పుస్తకం తనదేనంటుంటే బాబాయ్ తలెత్తి చూశాడు. ఆయన కూతురు లెక్కల్లో మూడుసార్లు తప్పితే, ఇంటికొచ్చి మరీ చెప్పి గట్టెక్కించిన టీచరమ్మ! రచయిత పేరుండేది మొదటి ఫారంలో. అది తొమ్మిదో బల్ల దాకా ఎందుకొస్తుంది?

"ఆదివారం లైబ్రరీలో నా పుస్తకం సభ" అందావిడ ఓనరుతో. "లైబ్రరీవాళ్లు ఇప్పుడు వద్దంటున్నారండీ. ఎవరో పుస్తకాల పురుగుట, నా పరువు కొరికేసింది. ఆ సంగతి ఉన్నది తొమ్మిదో ఫారంలో, మీ దగ్గర అదెవరిది? అందులో తప్పేదైనా అచ్చయిందేమో చూడాలి."

"బాబాయ్ది" అన్నారు అందరూ ఒక్కసారే.

ఆవిడ ఫారం తీసుకుని చూసింది. "అంతా సరిగ్గానే ఉందే! పాతకాలం వాళ్లు ఏమనుకునేవాళ్లో రాశాను."

పదో బల్లామె గొంతు సవరించుకుంది. ఫ్యాను ఎటు తిరగాలన్న గొడవలో ఆరు నెలలుగా బాబాయ్‌తో ఆమెకి మాటల్లేవు. తన ఫారం ఎత్తి గట్టిగా చదివింది. "నూట నలభై అయిదో పేజీ. 'ఇదంతా తప్పని ఎలా తెలిసిందో ఇప్పుడు చూద్దాం.' మూరెడు దూరంలోనే ఉంది, అన్నయ్యా."

"మెల్లగా, చెల్లెమ్మా" అన్నాడు బాబాయ్ పళ్ల సందున. "ఇప్పుడే చెరిపేస్తాను."

"చెరిపితే ఏం లాభం? ఊరందరి ఫోన్లలోకీ పాకిపోయింది నీ పురుగు" అంది ఆమె కూడా గొంతు తగ్గించి. పక్క బల్ల కదా, ఆ ఫోను రోజూ చూస్తూనే ఉంటుంది.

బాబాయ్ చేతిలో మడత వంకర పోయింది. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి. టీచరమ్మ సంచీ సర్దుకుంటోంది. ఆవిడ వెళ్లిపోతే పక్క బల్లకి తప్ప ఎవరికీ తెలియదు. పద్నాలుగు వందల మంది దగ్గర పెద్దమనిషిగానే మిగిలిపోవచ్చు.

"టీచరమ్మగారూ, ఆ పురుగు నేనే" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పుస్తకం మొత్తం చదివారా?"

"ఇంతవరకూ ఏదీ మొత్తం చదవలేదమ్మా."

"అదే రాయండి."

రాశాడు. "మిత్రులారా, నేను చదివినవన్నీ తొమ్మిదో ఫారాలే. టీచరమ్మ చెప్పింది రైటు, తప్పు నాది. నాయకుల గురించి రాసింది కూడా ఒకసారి చూసుకోవాలి." క్యారేజీ విప్పకుండా ఫోను వైపే చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి రెండు వందల మంది జారుకున్నారు. మిగతావాళ్లు ఆ పోస్టుని మొదటిదానికంటే ఎక్కువ తిప్పారు.

లైబ్రరీవాళ్లు మెత్తబడ్డారు. ఆదివారం సభకి కుర్చీలు చాల్లేదు. సగం మంది వచ్చింది తొమ్మిదో ఫారం మనిషి ఎలా ఉంటాడో చూడ్డానికే. టీచరమ్మ ఆయన్ని ముందుకి పిలిచి నూట నలభై నాలుగో పేజీ చదవమంది. నవ్వుల మధ్య చెమటలు కక్కుతూ చదివాడు. చివరి లైనుకి రాగానే పదో బల్లామె తనంతట తనే లేచి నూట నలభై అయిదో పేజీ అందుకుంది.

సోమవారం కొత్త నవల వచ్చింది. తన పదహారు పేజీలయ్యేసరికి హీరోయిన్ రైలెక్కేసింది. బాబాయ్ ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు.

"చెల్లెమ్మా, ఆ అమ్మాయి తిరిగొచ్చిందా?"

పదో బల్లామె తలెత్తకుండా మడత నొక్కింది.

"ముందు ఫ్యాను ఇటు తిప్పు, చెబుతా."