విల్ఫ్‌కు సరిపోయిన కుక్క

ఇంగ్లండులోని బర్స్‌లెమ్‌ ఊళ్లో విల్ఫ్ టన్నిక్లిఫ్ అంటే పింగాణీ కుక్కల పిచ్చోడని అందరికీ తెలుసు. నలభై ఏళ్లు ఆదివారం సంతలన్నీ గాలించి, విక్టోరియా రాణి కాలం నాటి స్పానియల్ కుక్కబొమ్మలు నూట పన్నెండు ఇంటికి చేర్చాడు. చలిమంట గూటి పైనా, మెట్ల పక్కనా, అలమారాల నెత్తినా జంటలు జంటలుగా కూర్చుని అవి అతని భార్య మ్యూరియల్ వంక అత్తగార్లలా చూసేవి.

మార్చిలో ఒక పొద్దున, చీజు చుట్టిన ఓట్స్ అట్టు తింటూ తింటూనే విల్ఫ్ పోయాడు. తన బూడిదను తనకిష్టమైన ఎర్రమచ్చల స్పానియల్‌లో పోసి గూటి పైన పెట్టాలని ముందే వీలునామాలో రాసిపెట్టాడు.

అంత్యక్రియలైన మూడో రోజు మ్యూరియల్, ఆమె చెల్లెలు డిలిస్ కలిసి ఆ కుక్కను వంటింటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అడుగున ఉన్నది గుండుసూదంత బెజ్జం. గరాటు పనికిరాలేదు. కాగితం పొట్లం చుట్టి చూశారు. అరగంటైనా చెంచాడు విల్ఫ్ కూడా లోపలికి పోలేదు. మిగిలిన నూట పదకొండూ తిరగేసి చూశారు. ఆ కాలపు అసలు సరుకుకి అంతకు మించి బెజ్జం ఉండదు కదా, అన్నిటికీ అంతే.

"బతికున్నప్పుడు మాత్రం బావ ఎక్కడ ఇమిడాడు గనకక్కా?" అంది డిలిస్, గౌను మీద పడ్డ బావను దులుపుకుంటూ.

మర్నాడు మ్యూరియల్ బజారుకెళ్లి, నిరుడు తయారైన నకిలీ కుక్కనొకదాన్ని కొనుక్కొచ్చింది. దాని అడుగున బొటనవేలు దూరేంత బెజ్జం. విల్ఫ్ సాఫీగా దిగిపోయాడు. ఆ బెజ్జానికి సీసా బిరడా బిగించింది.

శనివారం కుక్కబొమ్మలు సేకరించేవాళ్ల సంఘం అధ్యక్షుడు బాగ్నల్ పరామర్శకొచ్చాడు. టీ ముట్టకుండా నేరుగా గూటి దగ్గరికి వెళ్లి, కొత్త కుక్కనెత్తి, అడుగు చూసి మొహం చిట్లించాడు.

"ఇది దొంగ సరుకమ్మా. విల్ఫ్ ఇలాంటిదాన్ని గడప తొక్కనిచ్చేవాడు కాదు."

"తెలుసండీ. లోపలున్నది ఆయనే. కాస్త అడుగున చెయ్యి అడ్డం పెట్టి పట్టుకోండి, బిరడా వదులు."

బాగ్నల్ రెండు చేతులతో కుక్కను మెల్లగా దించి, టోపీ తీశాడు. రంగు మాత్రం బాగానే వేశారన్నాడు. పాతవన్నీ సంఘానికిచ్చేస్తానని మ్యూరియల్ చెప్పేసరికి అతని కళ్లు చెమర్చాయి. విల్ఫ్ కోసమో కుక్కల కోసమో ఆమె అడగలేదు.

ఆ సాయంత్రం మ్యూరియల్ కాళ్లు చాపుకుని, విల్ఫ్ ఎన్నడూ పెట్టనివ్వని డాన్సు పోటీ టీవీలో మొదటి నుంచి చివరిదాకా చూసింది. మధ్యలో ఒకసారి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సౌండు పెంచింది.