మిషను నూనె

"నార్మన్, నా మిషను నూనె డబ్బా నువ్వుగానీ తీసేవా?" అని వంటింటి గుమ్మంలోంచి ఎవెలిన్ కేకేసింది. ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన స్కూలు చొక్కాలు ఆవిడ ఇంట్లోనే కుడుతుంది. పొద్దుట్నుంచీ మిషను కీచుమంటోంది.

"నీ నూనెతో నాకేటి పని?" అన్నాడు నార్మన్ షెడ్డులో చేతులు తుడుచుకుంటూ.

"గుమ్మం పక్క అలమారలో ఎట్టేను. నీ బ్రేకాయిల్ ఖాళీ డబ్బా ఒకటి కడిగి, అందులో పోసుకున్నాను."

నార్మన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున బ్రేకు ఆయిలు సగంలో అయిపోతే, ఆ అలమారలోంచే ఇంకో డబ్బా తీసుకున్నాడు. చెత్తబుట్టలోంచి దాన్ని వెతికి తీసి వాసన చూశాడు. కుట్టుమిషను వాసన! తప్పు ఎవెలిన్‌దని అనడానికీ లేదు. చెరకుతోటల్లోకి కూలీలుగా దిగిన తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో డబ్బా పారేయడం అన్నం పారేసినంత పాపం. బిస్కెట్ల డబ్బాలో సూదులుంటాయి, కాఫీ డబ్బాలో కారం ఉంటుంది. ఆ సంగతి పుట్టి బుద్ధెరిగిన నార్మన్‌కి తెలియదా?

ఆ నూనె పోసిన కారు నలభై నిమిషాల క్రితమే తమ ఊరు ఇసిపింగో దాటి వెళ్లిపోయింది. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, ఎర్రటిది, రెండే సీట్లు. బ్రేకు పెడలు మీద కాలు పెట్టి ఉంచితే మెల్లగా నేలకి దిగిపోతోందని తెచ్చారు. బయట ఎక్కడా చెమ్మ లేదు కాబట్టి, లోపల సిలిండర్లో రబ్బర్లు అరిగాయని నార్మన్ చూడగానే చెప్పేశాడు. కొత్తవి వేశాడు. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి కారు కింద దూరి, "నొక్కండి సార్, వదలండి సార్" అంటూ కారు ఓనరు చేతే పెడలు తొక్కించాడు. అబద్ధమెందుకు, ఆ మనిషికి తను హుకుం ఇస్తుంటే నార్మన్‌కి ఒళ్లంతా తీయగా ఉంది.

ఎందుకంటే ఆ ఓనరు మొన్నమొన్నటిదాకా తెల్ల పోలీసు సార్జెంటు డి వెట్. ఎనభై ఆరులో నార్మన్ తమ్ముడు సన్నీని ఇంట్లోంచి ఈడ్చుకుపోయినవాడు. సన్నీ నలభై రోజులకు తిరిగొచ్చాడు గానీ, ఇప్పటికీ తలుపు వేసిన గదిలో కూర్చోలేడు. డి వెట్ నార్మన్‌ని గుర్తుపట్టలేదు. నార్మన్ మాత్రం చూసీ చూడగానే గుర్తుపట్టాడు, అయినా పని ఒప్పుకున్నాడు. ఎన్నికలై రెండు వారాలైంది, తెల్లవాళ్ల పాలన పోయింది, దేశం మారింది. నార్మన్ మోకాళ్లకి మాత్రం ఇంకా ఆ కబురు అందలేదు.

మిషను నూనె తగిలితే ఆ పాతకాలపు కార్లకి వేసే రబ్బరు ఉబ్బుతుంది. బ్రేకులు వాటంతటవే పట్టేసి కాగిపోతాయి. ఆ తర్వాత ఏదో ఒక దిగుడులో పెడలు చప్పున నేలకి తగులుతుంది. డి వెట్ మార్‌బర్గ్ వెళ్తున్నానన్నాడు, అదీ పాత రోడ్డునే. ఆ దారినిండా ఏటవాలు దిగుడులే.

నార్మన్ తన బక్కీ ట్రక్కులోకి ఒక్క గెంతు గెంతాడు. ఎవెలిన్ వెనకాల అరుస్తున్నా వినిపించుకోలేదు. ఆ మనిషి పోతే ఎవరు నమ్ముతారు? తమ్ముడి కోసం పగ తీర్చుకున్నాడంటారు. ఉరి కాకపోతే జైలు.

అమాంజింటోటి దాటాక అంతకన్నా పెద్ద భయం వచ్చి పడింది. బ్రేకు ఆయిలు లేత పసుపు రంగులో ఉంటుంది. పొద్దున రెండో డబ్బా వంచినప్పుడు నీళ్లలా తెల్లగా పడింది. పడుతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్లీ వంచింది. ఇరవై ఏళ్లుగా మెకానిక్కు పని చేస్తున్నవాడికి ఆ చెయ్యి ఎందుకాగినట్టు? ఆగినదాన్ని మళ్లీ ఎందుకు వంచినట్టు? "తండ్రీ, నేనెరక్కనే చేసేను కదా, కదా?" అని పైకే అడిగేశాడు. ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో పెద్దగా, డీకనుగా నిలబడే ఆ మనిషి యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కాడు.

ఉమ్కొమాస్ నది మీదికి రోడ్డు దిగబోయే చోట ఎర్ర కారు పక్కకి ఆగి కనిపించింది. ముందు చక్రం దగ్గర సన్నగా పొగ. డి వెట్ బానెట్ మీద చెయ్యి వేసుకుని తాపీగా సిగరెట్టు కాలుస్తున్నాడు.

"నువ్వా!" అన్నాడతను ఇంగ్లీషులో. "కొంచెం పట్టేసింది. కొత్త రబ్బర్లు కదా, చల్లారితే సర్దుకుంటుంది. అంతేగా?"

నార్మన్ దిగుడు వైపు చూశాడు. అవునని తలాడిస్తే చాలు. తాళం తిరుగుతుంది, కారు కదులుతుంది, ఇద్దరి మధ్యా మాట కూడా మిగలదు. మెడ నిజంగానే కిందికి వంగబోయింది. దాన్ని ఆపడానికి నార్మన్ పళ్లు బిగబట్టాల్సి వచ్చింది.

"కాదు సార్, ఎక్కకండి. తప్పు నూనె పోశాను. ఇది మిమ్మల్ని చంపేస్తుంది," అన్నాడు. అలాగే ఊపిరి తీసుకోకుండా, "మీరు పట్టుకుపోయిన సన్నీకి నేను అన్నని," అని కూడా చెప్పేశాడు.

డి వెట్ సిగరెట్టు కింద పారేశాడు. తాళం చెవి నార్మన్ మీదికి విసిరాడు. "అయితే నువ్వే నడిపి చూపించు. వంతెన దాకా."

తాళం చెవి పట్టుకున్న చెయ్యి గజగజా వణికింది. "నేనెక్కను సార్. మీరు కాల్చేసినా ఎక్కను."

ఆ వణుకు చూసి డి వెట్ నమ్మాడు. ఎన్నో ఏళ్లు మనుషుల వణుకు చూసినవాడు కదా, ఏది నిజమో పోల్చుకోగలడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. మంచివాడివి," అంటూ నార్మన్ భుజం తట్టాడు. సన్నీ ఊసు ఎత్తలేదు.

కారుని తాడు కట్టి లాక్కెళ్లడం కూడా ప్రమాదమే. దాన్ని అక్కడే వదిలేసి, వేరే బండి పంపిద్దామనుకున్నారు. డి వెట్ బక్కీ ఎక్కి నార్మన్ పక్కన కూర్చున్నాడు. పదినిమిషాలైనా కాకముందే తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

నార్మన్ మాత్రం నిద్రపోతున్న ఆ మనిషిని చూడ్డానికి భయపడ్డాడు. స్టీరింగు మీద ఉన్న తన చేతుల్ని చూసుకోడానికి ఇంకా భయపడ్డాడు. వెనకాల కార్లు హారన్లు కొడుతున్నా, ఇసిపింగో దాకా బండి వేగాన్ని నలభై దాటనివ్వలేదు.