అడగకుండా మొక్కిన జుట్టు

ఒకరి జుట్టు ఇంకొకరు దేవుడికి మొక్కవచ్చునా? ఈ అనుమానం నాకు ఏళ్లుగా ఉంది. మా ఆయన వెంకటనారాయణకు వెనకట టీబీ వచ్చినప్పుడు, తగ్గితే ఆయన తలనీలాలు ఇప్పిస్తానని యాదగిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. తగ్గాక చెబితే, "నా నెత్తి నీకెవరు రాసిచ్చిండ్రు?" అన్నాడు. పటాన్‌చెరులో మా పప్పుల దుకాణానికి వచ్చేవాళ్లంతా ఆయన ఒత్తైన జుట్టును మెచ్చుకునేవాళ్లే మరి. నేను మాత్రం దీపం పెట్టినప్పుడల్లా స్వామి వంక సూటిగా చూడలేకపోయేదాన్ని.

ఈ వానాకాలం ఒకరోజు కందిపప్పు తూస్తూ దగ్గాడు. తువాలంతా ఎర్రగా అయింది. పక్క దుకాణం మొయిన్ వెంటనే తన కారు తీసి, ముత్తంగి దగ్గర రింగు రోడ్డెక్కించి పట్నంలో ఆసుపత్రికి చేర్చాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. టీబీ తినేసిన చోట ఒక రక్తనాళం ఉబ్బి కారుతోంది. మళ్లీ ఎక్కువగా కారితే ఊపిరాడదు, ప్రాణానికే ముప్పు. ఛాతీ కొయ్యనక్కర్లేదు. తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నని గొట్టం పైకి పంపి, కారే నాళాన్ని ఇసుకంత పూసలతో మూసేస్తారు. "మీకిష్టమేనా?" అని ఆయన్నే అడిగింది. ఆయన సరేనన్నాడు.

కాసేపటికి వార్డులో పనిచేసే కుమార్ రేజరు పట్టుకొచ్చాడు. "పెద్దాయనా, షేవింగ్ చెయ్యాలె."

ఆయన రెండు చేతులతో నెత్తి పట్టుకుని నావైపు ఉరిమి చూశాడు. "సావిత్రీ, ఆసుపత్రోళ్లను గూడ కలుపుకున్నవా?"

"నాకేం ఎర్కండీ."

"నెత్తి ముట్టుకుంటే గీ వైద్యమే వద్దు. ఇంటికి పోత."

ఇంటికి పోతే ఏమవుతుందో డాక్టరమ్మ ఇప్పుడే కదా చెప్పింది.

కుమార్ నవ్వాపుకుంటూ, "నీ నెత్తి ఎవరికి గావాలె? తొడ కాడ గీకాలె. పైకి పోయే తొవ్వ కిందికెల్లే ఉంది," అన్నాడు.

"గట్ల ముందుగాల చెప్పొద్దా," అని ఆయన చేతులు దించాడు.

లోపల మెలకువగానే ఉన్నాడట. బయటికొచ్చాక, కాలు కదపొద్దన్నా నోరు మాత్రం ఆగలేదు. "తెర మీద నా నరాలు సూసిన. కొమ్మల లెక్క ఉన్నయి. ఒక కొమ్మ సూస్తుండంగనే మాయమైంది!"

రక్తం ఆగింది. మళ్లీ ఎప్పుడైనా పడితే ఆలస్యం చేయకుండా రమ్మని చెప్పి ఇంటికి పంపారు.

దసరా వెళ్లాక ఆయనే "గుట్టకు పోదాం" అన్నాడు. యాదగిరి స్వామి దర్శనానికే అనుకున్నాను. తిన్నగా కల్యాణకట్టకు నడిచి, కత్తి పట్టిన మనిషి ముందు కూర్చున్నాడు.

"ఏందిది?" అన్నాను.

"డాక్టరమ్మ ముట్టుకునే ముందు నన్ను అడిగింది. నువ్వు ‘మొక్కిన’ అని చెప్పినవ్, గంతే. ఎన్నడన్న అడిగినవా?"

నిజమే. అడగాలని ఇన్నేళ్లూ నాకు తట్టనేలేదు.

"మీ జుట్టు స్వామికి ఇస్తరా?"

"ఇస్త," అని తల వంచాడు.