ఏనుగు రంగు, మామయ్య దిండు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నా పాత ల్యాప్‌టాప్ ముందు నాలుగు రోజులు కూర్చుంటే వాళ్లకీ వచ్చేది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి రంగులద్దడం నా పని. ఆ తెర గుణం ఏమిటంటే, నిటారుగా కూర్చుంటే రంగులు వెలిసిపోయినట్టు, కాస్త జారబడితే మసిబారినట్టు కనిపిస్తాయి. అచ్చులో వచ్చే రంగు కనపడాలంటే ఒకే ఎత్తులో కూర్చోవాలి. అందుకని కుర్చీలో తువ్వాలు మడత పెట్టుకుని, నడుం పట్టేసినా సరే కదలకుండా పనిచేసేదాన్ని. నా కుర్చీ జోలికి ఎవరూ రాకూడదన్నది ఇంట్లో చట్టం.

మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, ఒకప్పుడు బస్సులకు సీట్లు కుట్టేవారు. నేను నడుం పట్టుకుని లేవడం రోజూ చూసి ఊరుకోలేకపోయారు పాపం. దాచుకున్న ఫోమూ, ఎర్ర రెక్సినూ తీసి, నాకు చెప్పకుండా మందపాటి దిండు కుట్టారు. తువ్వాలు తీసేసి అది వేశారు. ఆ రోజే నేను ఏనుగు పిల్ల పుస్తకం అట్ట పూర్తి చేస్తున్నాను. దిండు మీద కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖంలో ఎత్తు సంగతే మర్చిపోయాను. ఏనుగు ఎందుకో పాలిపోయినట్టు కనిపిస్తే రంగు ముదురు చేశాను. ఇంకా అలాగే ఉంటే ఇంకాస్త చేశాను.

నమూనా కాపీ అచ్చయి వచ్చేసరికి ఏనుగు బొగ్గుల బస్తాలా ఉంది. పుస్తకాలు వేసే మేడమ్ అరవలేదు. ఇంకొక్క నమూనా చూస్తానని, అదీ ఇలాగే ఉంటే ఈ పుస్తకంతో పాటు దీని తర్వాత రావాల్సినవన్నీ వేరేవాళ్లకు ఇస్తానని మాత్రం చెప్పారు. అరిచినా బాగుండేది. మా సంసారం సగం ఆ పుస్తకాల మీదే నడుస్తోంది.

ఇంటికొచ్చి మా ఆయన దగ్గర తెరను తిట్టాను, కుర్చీని తిట్టాను, ఆ ఊపులో దిండునూ తిట్టాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు. పక్క గదిలో మామయ్య ఉన్నారన్న సంగతి తట్టలేదు. సాయంత్రానికి దిండు మాయమైంది. కుర్చీలో తువ్వాలు మళ్లీ మడత పెట్టి ఉంది. ఆయన అంతా విన్నారని అప్పుడు తెలిసింది.

ఆ పాత తెరను ఇక నమ్మలేక, కొత్త మానిటర్ కొనక తప్పదని తేల్చుకుని, ఉన్నదంతా ఊడ్చుకుని ముగ్గురం దుకాణానికి వెళ్లాం. డబ్బా మోయడానికని మామయ్య వచ్చారు. మా ఆయన కళ్లు వంపు తిరిగిన పెద్ద తెర మీద పడ్డాయి. అందులో చేపలు ఈదుతున్నాయి, ధర కూడా మాకు అందేదే. నేను పెన్‌డ్రైవ్ ఇచ్చి నా ఏనుగును అందులో పెట్టించాను. బూడిద రంగు ఏనుగు కాస్తా నీలంగా మెరిసిపోయింది. పక్కకు జరిగి చూస్తే ఊదా రంగులోకి మారింది. పైన పటారం, లోన లొటారం.

తర్వాత ఒక్కో తెర ముందూ కూర్చున్నాను, లేచాను, ఒరిగాను, ఆఖరికి మోకాళ్ల మీద నిలబడ్డాను. అమ్మే అతను నాకేదో అయిందనుకున్నాడు. మూలనున్న చిన్న, సాదా మానిటర్‌లో మాత్రం ఎటు నుంచి చూసినా ఏనుగు ఏనుగులాగే ఉంది. పిండి కొద్దీ రొట్టె అనుకుని అదే ఖాయం చేశాను. చిక్కల్లా దాని స్టాండుతోనే. అది పైకీ కిందికీ జరగదు. మా కుర్చీ అంత ఎత్తున్న స్టూలు మీద కూర్చుని చూస్తే మెడ పైకెత్తాల్సి వచ్చింది. ఎత్తు మార్చుకునే స్టాండున్నది మాకందే ధరలో లేదు. ఎత్తైన కుర్చీ తర్వాత కొందామని మా ఆయన అన్నారు. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ మామయ్య కేసి చూశాను.

"మామయ్యా, ఆ దిండు పారేశారా?"

ఆయన తల దించుకున్నారు. "లేదమ్మా, అటక మీద పెట్టాను. మంచి చేద్దామనుకుంటే నీ పనికే ఎసరు పెట్టింది."

"ఈ తెరకి ఆ దిండే కావాలి. అది లేకపోతే నేను దీన్ని కొనను."

వేళాకోళం ఆడుతున్నానేమోనని ఆయన నా మొహంలోకి చూశారు. కాదని తెలిశాక స్టూలు దగ్గరికొచ్చి, నన్ను నిటారుగా కూర్చోమని, నా కళ్లకీ తెర పై అంచుకీ మధ్య జానతో కొలిచారు. ఇంకో రెండు వేళ్ల మందం వేయాలన్నారు. దారి పొడుగునా డబ్బాను మా ఆయన్ని ముట్టుకోనివ్వలేదు.

కొత్త నమూనాలో ఏనుగు బూడిద రంగులో, బుద్ధిగా వచ్చింది. మిగతా పుస్తకాలూ నావేనన్నారు మేడమ్. ఆ కాపీ తెచ్చి ముందు మామయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నాకు రంగుల సంగతి తెలీదు గానీ, నడుం ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

పని ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్లు నాకు చాలామందే ఉన్నారు. నడుం సంగతి అడిగింది ఆయనొక్కరే. కోపం తప్ప ఇంకేదీ సరిగ్గా చూపించడం రానిదాన్ని.

"నొప్పి లేదు మామయ్యా, మీ చలవే" అని మాత్రం అనగలిగాను.