ఆగిందని పంచిన మలీదా

పేరుకు షాహజాదీ. తొమ్మిదేళ్లుగా ఆమె ఏలిన రాజ్యమల్లా ఒక బకెట్టు, ఒక సబ్బుబిళ్ల, ఆళ్లగడ్డలో మిద్దె మీద ఆరేసిన దుప్పట్లు. కూతురు షబ్నమ్ వెన్ను మీద గడ్డతో పుట్టింది. గడ్డను పురిట్లోనే తీసేశారు గానీ, మూత్రసంచికి పోయే నరాలు బాగుపడలేదు. ఉచ్చ వస్తున్న సంగతే పిల్లకు తెలియదు. బడిలో దాని పక్కన ఎవరూ కూర్చోరు.

నంద్యాలలో డాక్టర్ వందన, నాలుగు గంటలకోసారి సన్న పైపు పెట్టి మూత్రం తీయడం షాహజాదీకి నేర్పింది. పేగుముక్కతో సంచిని పెద్దది చేసి, బొడ్డు దగ్గర చిన్న దారి పెడితే పిల్లే సొంతంగా తీసుకుంటుందని, ఆపరేషన్‌కు రమ్మని చెప్పింది. పిల్ల కడుపు కోస్తారంటే ఏ తల్లికి చేతులాడతాయి? రంజాన్ పోనీ అంది, బక్రీద్ పోనీ అంది. దర్గాలో మొక్కుకుంది.

ఒకనాడు తెల్లారి చూస్తే దుప్పటి పొడిగా ఉంది. మర్నాడూ పొడే. కూర్చోబెడితే కొంచెం పోస్తోంది, అంతే చాలనుకుంది. పదకొండు రోజులు చూసి, పైపును అటక మీద పడేసి, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీదా చేసింది. షబ్నమ్ గిన్నె పట్టుకుని ఇంటింటికీ పంచింది. ఆ పిల్ల తలెత్తుకుని నడవడం వీధి చూసింది అదే మొదలు.

రెండు నెలలకు పిల్ల మొహం ఉబ్బింది, చలిజ్వరం పట్టుకుంది. భర్త జిలానితో కలిసి నంద్యాలకు తీసుకుపోయింది. పిచ్చితల్లి, జ్వరం కంటే ముందు శుభవార్తే చెప్పింది.

"ఉచ్చ ఆగింది మేడం. ఇంగ దుప్పటి తడపల్యా."

వందన చేతిలో కాగితం కింద పెట్టింది. "ఆగిందంటే పిల్ల ఆపుకుంటోందా అమ్మా, లోపలే నిలిచిపోతోందా?"

ఆ రెంటికీ తేడా ఉందని షాహజాదీకి అప్పుడే తెలిసింది. కింద దారి బిగుసుకుని, నిలిచిన మూత్రం కిడ్నీల్లోకి ఎగదన్నింది. ఒకటి పూర్తిగా పోయింది. రెండోదాంట్లో మిగిలింది పావువంతు. ఆపరేషన్ ఇప్పుడూ చేస్తారు, ఆ పావును కాపాడడానికి. ముందే వచ్చుంటే రెండూ దక్కేవా అని షాహజాదీ అడిగింది. డాక్టరు తలదించుకుని, దక్కేవేమో అంది.

"నా వల్లే మేడం. కంచే చేను మేసింది," అంది షాహజాదీ, మొగుడి వైపు చూడకుండా.

వార్డులో పైపు వేశారు. పక్కనుంచి కారి దుప్పటి తడిసింది. షబ్నమ్ చేత్తో తడుముకుని గాని ఆ సంగతి తెలుసుకోలేదు. తెలియగానే, అమ్మ చూడకుండా దుప్పటి అంచు లాక్కుంది.

"మల్లా తడిపినా అమ్మీ."

"తడపాల తల్లీ. తడిపితేనే మంచిది."

పిల్ల నమ్మలేదు. ఇన్నేళ్లూ తడి దుప్పటి తీసేటప్పుడు తల్లి మొహం ఎట్లా ఉండేదో దానికి తెలుసు. దుప్పటి అంచు వదలకుండా అడిగింది.

"మలీదా తిన్నోల్లకు ఏమని జెప్పాల?"

తొమ్మిదేళ్లు మొహం తిప్పుకుని ఉతికిన తడి అది. షాహజాదీ ఆ దుప్పటిని మొహానికి అదుముకుని ఏడ్చింది.