మొగ్గలు ఒలిచే వేళ్లు

గిన్నెలు తోముతుండగానే జములమ్మ కుడిచేతి వేళ్లు మళ్లీ తెల్లగా పాలిపోయాయి. గిన్నె జారి బండ మీద పడింది. చేతుల్లో సత్తువ లేదా అని లోపలి నుంచి అత్త సుగుణమ్మ గొణిగింది. సత్తువకేం కొదవ! గట్టు దగ్గర కంపెనీ విత్తనాల కోసం వేసిన తమ ఎకరన్నర సీడుపత్తిలో ఆరేళ్లుగా సాయంత్రం మొగ్గ మొగ్గా గోటితో ఒలిచేదీ, పొద్దున్నే మంచులో మగపువ్వు తెచ్చి రుద్దేదీ ఆ వేళ్లే కదా. మొగుడు వెంకటన్న మందు కొడతాడు, నీళ్లు పెడతాడు, ఊళ్లో కూర్చుని ‘మేం క్రాసింగు చేస్తున్నం’ అంటాడు. మేమట! వేళ్లు తిమ్మిరెక్కాయంటే మాత్రం నాటకాలంటాడు. అన్నం ముద్ద కూడా చేతికి తెలియడం లేదని చెప్పుకుందామంటే ఆ ఇంట్లో వినే మనిషి లేడు.

గద్వాల దవాఖానకు హైదరాబాదు నుంచి చేతుల్లో నెత్తురు నడక చూసే కొత్త మిషను తెచ్చారని తెలిసి, పురుగుమందుకని బయల్దేరిన వెంకటన్న బండెక్కి తనూ పోయింది. మిషను దగ్గరున్న సింధూజ మేడం ఆమె వేళ్లకు జిగురులాంటిది రాసింది.

“వెలుతురు తగిలితే నెత్తురు సన్నగ చప్పుడు చేస్తదమ్మా. మన చెవులకు వినపడదు. మిషను విని, వెంట్రుక కంటే సన్నటి నరాలను కూడ బొమ్మ గీస్తది. చెయ్యి కదపకు.”

నోటితో చెప్తేనే వినని ఇంటి నుంచి వచ్చింది కదా, జములమ్మకు నమ్మబుద్ధి కాలేదు. పెళ్లయ్యాక చెయ్యి కదపకుండా కూర్చోవడం అదే మొదలు. ఎందుకో ఏడుపొచ్చింది.

పోల్చి చూడ్డానికి అదే చేనులో పనిచేసే ఇంకో చెయ్యి కావాలంది మేడం. వెంకటన్న చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు.

“నాది గూడ గదే పని మేడం. నాకేమైంది? ఈమెదంత ఉత్త పరేషాన్.”

తెర మీద రెండు బొమ్మలూ పక్కపక్కన వచ్చాయి. వెంకటన్న వేళ్ల కొసల దాకా ఎర్రటి పోగులు గుబురుగా అల్లుకున్నాయి. జములమ్మవి సగం దూరం వచ్చి, మెలికలు పడి ఆగిపోయాయి. కొసల్లో ఏమీ లేదు. చలినీళ్లు, మంచు, గోటిపని మానకపోతే పుండ్లు పడి వేళ్లే పోవచ్చని మేడం చెప్పింది.

ఇంక ఇరవై రోజులే కదా, క్రాసింగు అయిపోనియ్యమన్నాడు వెంకటన్న. తన బొమ్మ చూసుకుని నవ్వుకున్నాడు కూడా.

“నావి సూడు, ఎంత నిండుగున్నయో.”

జములమ్మ చూసింది. ఒళ్లు మండిపోయింది. మళ్లీ పోవాల్సింది ఆ బండి మీదే, ఆ అత్త దగ్గరికే. అది ఆమెకు తెలుసు. వేళ్లకంటిన జిగురు కొంగుతో తుడుచుకుని, మేడం వినేటట్టే అంది.

“అవు, మంచిగున్నయ్. ఈ పొద్దుసంది మొగ్గలు ఆ చేతులతోనే ఒలువు. నేను చేన్లకు రాను.”