నలభై అక్షరాల ముద్ర

గురువారం సాయంత్రం మా ఇంటి ప్రింటరు ఒకే వరుసను కాగితం నిండా మళ్ళీ మళ్ళీ అచ్చువేసింది. అంకెలూ లాటిన్ అక్షరాలూ కలిసిన వరుస. లెక్కపెట్టాను, నలభై ఉన్నాయి. మా అమ్మాయి రలిత్స కత్తెర పట్టుకుని వాటిని చీలికలుగా కత్తిరిస్తోంది.

"ఏమిటే ఇవి?"

"నా ముద్ర నంబరమ్మా. శనివారం ఒకాయనకివ్వాలి."

"ఎవరాయన?"

"ఒగ్న్యాన్ గారని, రూసే ఊరాయన. సోఫియా వెళ్తూ మన స్టేషన్లో రైలు మారతారు. నలభై నిమిషాలు ఖాళీ. నా గుర్తింపు కార్డు చూసి వెళ్ళిపోతారు."

"నీకెన్నాళ్ళుగా తెలుసు?"

"రెండేళ్ళు. మనిషిని చూడలేదనుకో."

పొయ్యి మీద చిక్కుళ్ళు అడుగంటుతున్న వాసన వస్తోంది. అయినా గుమ్మంలోనే నిలబడ్డాను. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ముఖమెరుగని మగాడికి కార్డు చూపించడానికి స్టేషనుకు వెళ్తానంటోంది, అదీ కత్తెరతో కాగితాలు కత్తిరించుకుంటూ.

ఇదంతా కంప్యూటర్లో వేసిన ఆ లినక్స్ వల్ల వచ్చింది. పాత కంప్యూటరు పారేద్దామని నేనంటే, ఇది వేస్తే బతుకుతుందని రలిత్స వేసింది. బతికింది, కాదనను. నేను బడి వంటశాలలో పనిచేస్తాను, వారం వంటల పట్టిక అందులోనే తయారుచేస్తాను. ఇంట్లో చక్కగా ఉంటుంది. బడిలో మా హెడ్మిస్ట్రెస్ కంప్యూటర్లో తెరిస్తే సోమవారం పప్పు మంగళవారంలోకి జారిపోతుంది. అప్పుడప్పుడు తెర నల్లబడి తెల్ల అక్షరాలు వానలా దిగుతాయి. నేను ప్లగ్గు మీద చెయ్యి వేసి నిలబడితే, "ముట్టుకోకమ్మా, కొత్తవి దించుకుంటోంది" అంటుంది. ఎవరు పంపుతున్నారే అంటే పేర్లు చెప్పదు. దీని యజమాని ఎవరే అంటే "అందరూ" అంటుంది. అందరిదీ అంటే చివరికి ఏమవుతుందో మా చిన్నప్పుడు ప్రజలందరివీ అన్న ఫ్యాక్టరీల్లో చూశాం. తలుపుల గడియలు కూడా మిగల్లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఓపిగ్గా చెప్పింది. గళ్ళ మీద అల్లిక నమూనాలు గీసే చిన్న ప్రోగ్రాం ఒకటుందట. దాన్ని చూసుకునే పోర్చుగల్ మనిషి విసిగి మానేశాడట. నెలాఖరులోగా ఎవరూ పూచీ పడకపోతే లినక్స్ గోదాములోంచి తీసేస్తారట. రలిత్స పూచీ పడతానంది. అయితే ఆమె పంపే ప్రతిదానిమీదా ఆమె ముద్ర ఉండాలి. ఆ ముద్ర నిజంగా రలిత్సదేనని, వాళ్ళ గుంపులో ఇప్పటికే ఉన్న మనిషి ఎవరైనా ముఖాన్నీ కార్డునూ కళ్ళారా చూసి సాక్ష్యం పలకాలి.

"జీతమెంత?" అన్నాను.

"ఏమీ లేదు."

"మరి అతనికి?"

"ఏమీ లేదమ్మా."

ఏమీ లేనిదానికి రూసే నుంచి మనిషి దిగుతాడా?

మర్నాడు వంటశాలలో బంగాళాదుంపలు చెక్కుతూ, నాతో పనిచేసే స్తాంకాకు చెప్పాను. స్తాంకా టీవీలో చూడని నేరం లేదు.

"ఓసి జ్లత్కా, నీకు మతుందా?" అంది. "స్లివెన్‌లో ఒకడు కార్డు ఇలా చూపించి అలా తీసుకున్నాడట. ఆర్నెల్లకి పోలీసులొచ్చారు. వాడి పేరున కంపెనీ, ఏడు లారీలు. వాడికి సైకిలు తొక్కడం కూడా రాదు."

"వీళ్ళు కంప్యూటరు వాళ్ళే."

"అయితే ఓడలుంటాయి. ఆ చీలికలమీద ఏముంది? నలభై అంకెలా? అవన్నీ ఓడల నంబర్లే."

శనివారం పొద్దున రలిత్స స్నానానికి వెళ్ళగానే దాని పర్సు తెరిచాను. కార్డు తీసి నా సంచీ అడుగున, రుమాలులో చుట్టి పెట్టాను. తప్పని తెలుసు. తెలిసే తీశాను. కార్డు లేకపోతే అతనికి చూడ్డానికి ఏమీ ఉండదు, దండం పెట్టి రైలెక్కుతాడు, పీడ పోతుందనుకున్నాను. ఆ తర్వాత, నేనూ వస్తానన్నాను.

"అమ్మా, నా పరువు తీయకు."

"నేను మాట్లాడను. జున్ను పొరల బానిత్స చేసి తెస్తాను, తింటాడు."

స్టేషన్ ఫలహారశాలలో అతను ముందే కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన లావుపాటి మనిషి, సాక్సుల మీద చెప్పులు, ఎదురుగా గ్లాసుడు ఐర్యాన్ మజ్జిగ. పశువుల డాక్టరట. నాకింకా అయోమయమైంది. మేకలకి సూదులేసే మనిషికి కంప్యూటర్ల ముద్రలతో ఏం పని?

"ముందు నన్ను చూడండి" అని పాస్‌పోర్టూ డ్రైవింగు లైసెన్సూ రెండూ తీసి మా ముందు పెట్టాడు. "ఊరికే తలూపొద్దు. బాగా చూడండి."

రలిత్స చూసింది. తర్వాత నేను తీసుకుని కిటికీ వెలుతురుకి పెట్టి మరీ చూశాను. అతనేం అనుకోలేదు సరిగదా, సంతోషించినట్టే కనిపించాడు. ఇద్దరూ చెరో చీలిక మార్చుకున్నారు. రలిత్స తన నలభై అక్షరాలూ పైకి చదివింది, అతను ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాగితంతో ఒక్కొక్కటే పోల్చుకుని గీత పెట్టాడు. బల్లమీద కంప్యూటరే లేదు. కంప్యూటరు వాళ్ళు పెన్సిలుతో పని చేసుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"ఇక మీ కార్డు" అన్నాడు.

రలిత్స పర్సు తెరిచింది. ఒక అర చూసింది, ఇంకో అర చూసింది. చివరికి సంచీ మొత్తం బల్లమీద కుమ్మరించింది. నేను కాగితం విప్పి బానిత్స ముక్కలు పేరుస్తున్నాను.

"రాత్రి కూడా ఉంది" అంది.

"పోనీలెండి, లేకపోతే లేదు" అన్నాడతను. "ఇంకోసారి కలుద్దాం."

"మీరు ఇటు మళ్ళీ వచ్చేదెప్పుడు?"

"నవంబరులో. ఈసారి తిరుగు ప్రయాణం వేరే దారిన, కారులో."

"అప్పటికి ఆ ప్రోగ్రాంని తీసేస్తారండీ. నెలాఖరే గడువు." రలిత్స గబగబా ఫోను తీసింది. "ఇందులో కార్డు ఫొటో ఉంది. చూడండి."

అతను ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు. "వద్దు. అది నాకు చూపించకండి. ఎవరికీ పంపకండి కూడా. ముందు దాన్ని ఫోన్లోంచి తీసేయండి."

నాకు బుర్ర తిరిగింది. స్తాంకా చెప్పిన దొంగ ఈ ఫొటోకి ఎగిరి గంతెయ్యాలి గదా. మాట్లాడనని ఇచ్చిన మాట మరిచిపోయాను.

"ఏమండీ, నేను దీని కన్నతల్లిని. ఇది రలిత్సేనని నేను చెబుతున్నాను. చాలదా?"

"చాలదండీ."

"మంచులో బళ్ళు ఆగిపోతే ట్రాక్టరు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు నన్ను. ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడి కన్నాను. చాలదా?"

"మీ మాట అబద్ధమని కాదమ్మా" అన్నాడు మెల్లగా. "మీరు ఆమె తల్లేనని నాకెవరు చెప్పాలి? నేను చూశానని సాక్ష్యమిస్తే వేలమంది నన్ను నమ్ముతారు. చూడనిది చూశానంటే వాళ్ళందర్నీ మోసం చేసినట్టే."

"రెండేళ్ళుగా ఉత్తరాలు రాసుకుంటున్నారుగా?"

"ఉత్తరాలు బాగా రాస్తుంది. రాసేది మీరేనేమో నాకేం తెలుసు?"

నేను! రెండు వేళ్ళతో పట్టిక కొట్టుకునే నేను! రలిత్స నవ్వబోయి ఏడ్చింది. అతను చెయ్యి గడియారం చూసుకుని సంచీ భుజాన వేసుకున్నాడు. రైలుకి ఎనిమిది నిమిషాలుంది.

ఇతన్నించి దీన్ని కాపాడాలని వచ్చాను. ఇతనేమో మమ్మల్ని అనుమానిస్తున్నాడు. ఇంత అనుమానించే మనిషిని నేను జన్మలో ఒక్కర్తినే ఎరుగుదును, అది నేనే. అతను నిజంగా లేచి తలుపు వరకూ వెళ్ళాడు. అప్పుడు సంచీ అడుగుకి చెయ్యి పోనిచ్చి రుమాలు తీశాను.

"ఆగండి" అన్నాను. "కార్డు నా దగ్గరే ఉంది."

రలిత్స నా వంక చూడలేదు. అతను ఏమీ అడగకుండా వెనక్కి వచ్చి కార్డు అందుకున్నాడు. ఫొటోలో జడ ఉంది, ఇప్పుడు దానికి పొట్టి జుట్టు. అతను పైకీ కిందికీ చూశాడు, చెవులు చూశాడు, కార్డు గడువు తేదీ చూశాడు. నంబరు రాసుకుంటాడేమోనని అతని పెన్సిలు మీదే కళ్ళుంచాను. రాసుకోలేదు. చీలిక చివర చిన్న గీత ఒకటి పెట్టి, కార్డు రలిత్స చేతిలోనే పెట్టాడు, నాకివ్వలేదు.

"సోఫియా చేరాక సాక్ష్యం పంపిస్తా" అన్నాడు. పోతూ పోతూ బానిత్స రెండు ముక్కలు తీసుకున్నాడు.

ఇంటిదాకా రలిత్స నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. మెట్ల దగ్గర ఆగి, "నన్ను ఆయన ముందు దొంగని చేశావు" అంది.

"దొంగని నేను."

"అదే అంటున్నా."



ఆదివారం మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచింది. తెరమీద అక్షరాల గుట్ట.

"వచ్చింది."

"సంతకమేదీ?"

"ఇదంతా సంతకమేనమ్మా."

అందులో నాకు మనిషి పేరైనా కనిపించలేదు. కానీ దాని ముఖం చూస్తే వచ్చిందని తెలుస్తోంది. అల్లికల ప్రోగ్రాం ఇక గోదాములోంచి పోదట. సాయంత్రానికి దాని పక్కన రలిత్స పేరు పడింది, అది మాత్రం నేను చదవగలిగాను. ఎందుకో రెండుసార్లు చదివాను.

"ఒక్క సాక్ష్యమే ఉంటే ఎప్పుడూ ఇబ్బందే" అంది. "ప్లోవ్‌దివ్‌లో ఇలాగే కార్డు చూసి సాక్ష్యమిచ్చే ఒకావిడ ఉంది. వచ్చే నెల వెళ్తా. ఒక్కదాన్నే."

మనసులోకి పది ప్రశ్నలొచ్చాయి. ఏ బస్సు, ఏ వీధి, ఆవిడ ఆవిడేనా. నోరు మూసుకున్నాను.

"కార్డు ఎక్కడుంది?" అంది.

"నీ పర్సులోనే. నేను ముట్టుకోలేదు."

నా మాట విని ఊరుకోలేదు. నా ఎదురుగానే లేచి, పర్సు తెరిచి, కార్డు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ లోపల పెట్టుకుంది. చూసుకోనీ అనుకుని నిలబడ్డాను.